గుడ్లుడిగిన పెట్ట

కోళ్ల పెంపకం మీద తెలుగులో వచ్చే పుస్తకాలు, కరపత్రాలు తిరగేస్తే పెట్ట కథ ఏడాదిన్నర వయసు దగ్గర ముగిసిపోతుంది. షెడ్లలో పెంచే లేయర్ కోడిని 72 నుంచి 80 వారాలకు, కొత్త జాతులైతే ఇంకాస్త ఆలస్యంగా తీసేస్తారు. ఆ తర్వాతి వయసు గురించి రాయాల్సిన అవసరం ఆ పుస్తకాలకు లేదు. పల్లెల్లోనూ గుడ్లుడిగిన పెట్ట సంతకో కూరకో పోయేదే తప్ప ముసలిదయ్యేదాకా ఉండేది కాదు. కానీ పెరట్లోనో డాబా మీదో నాలుగు కోళ్లు పెంచుకుని, వాటికి పేర్లు పెట్టుకుని, కోయడానికి మనసొప్పక ఉంచుకున్న ఇళ్లు ఇప్పుడు ఊళ్లలోనూ ఉన్నాయి, పట్నాల్లోనూ ఉన్నాయి. ఆ ఇళ్లలో పెట్టకు ఐదో ఏడో ఆరో ఏడో వచ్చి, నడక తగ్గి, మేత తగ్గి, ఒక మూల కూర్చోవడం మొదలుపెడితే ఏం చేయాలో చెప్పేవాళ్లు దొరకరు. ఈ అధ్యాయం ఆ ఇళ్లవాళ్ల కోసం.

నేను చెప్పదలచింది ఒక్కటే. ముసలి పెట్ట సంరక్షణలో మందు కన్నా ముందు, మమకారం కన్నా కూడా ముందు ఉండాల్సింది చూపు. రోజూ ఒకే వేళకు చేత్తో తడిమి, వారానికోసారి తూచి, కాగితం మీద రాసి పెట్టుకునే చూపు. ఎప్పుడు వైద్యం చేయించాలి, ఎప్పుడు దాని మానాన దాన్ని ఉండనివ్వాలి, ఎప్పుడు ఇక చాలనుకోవాలి అన్న మూడు ప్రశ్నలకూ ఆ కాగితమే జవాబు చెబుతుంది. ప్రేమ ఒక్కటే చాలదనడానికి కారణాలున్నాయి. పెట్ట తన జబ్బును దాచుకుంటుంది. మనం దాన్ని ఎంత ప్రేమిస్తే అది బాగుందని నమ్మడానికి అంత తొందరపడతాం. ఈ రెండూ కలిస్తే మూగజీవి బాధ మన కళ్లెదుటే ఉండి కూడా మనకు కనపడదు.

మొదట వయసు సంగతి చూద్దాం. పెరటి పెట్ట సాధారణంగా ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది, పదేళ్లు దాటేవీ ఉన్నాయి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పీనట్ అనే పెట్ట 20 ఏళ్లు దాటి బతికి 2023లో గిన్నిస్ రికార్డులకెక్కింది, ఆ ఏడాది చివర్లోనే పోయింది. అలాంటివి అరుదు. మామూలు పెట్ట ఒళ్లు అంతకన్నా చాలా ముందే అలిసిపోవడానికి ముఖ్య కారణం గుడ్డు. ఇవాళ్టి పెంపుడు కోళ్లకు మూలమైన ఎర్ర అడవికోడి ఏడాదికి పది పదిహేను గుడ్లు పెడుతుంది. మనిషి ఏరి ఏరి తయారుచేసుకున్న లేయర్ పెట్ట ఏడాదికి 300 పైగా పెడుతుంది. ఒక్కో పెంకుకు సుమారు రెండు గ్రాముల కాల్షియం కావాలి. దాణాలో చాలనిది ఎముకల్లోంచి తీసుకుంటుంది. అండాశయం అన్నిసార్లు చిట్లి మానడం వల్లనే కావచ్చునంటారు, పెట్టల్లో అండాశయ క్యాన్సర్ మనుషుల్లో వచ్చినట్టే తనంత తాను వస్తుంది. స్త్రీలలో ఆ క్యాన్సర్ ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ముసలి పెట్టలను పరిశీలించేది అందుకే.

ఇదంతా తెలుసుకోవడం వల్ల ముందుగా ఎక్కడ అనుమానించాలో తెలుస్తుంది. రెండేళ్లు దాటిన పెట్ట డీలా పడితే మొదట చూడాల్సింది కాళ్ల మధ్య పొట్ట కింది భాగం. గుడ్డు లోపలే అడ్డుపడటం, సొన దారి తప్పి పొట్టలో పడి చీము పట్టడం, కణితి పెరిగి నీరు చేరడం, అన్నీ అక్కడివే. నాటు పెట్ట తక్కువ గుడ్లు పెడుతుంది కాబట్టి దానికి ఈ బెడదలు తక్కువ. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా రకం చాలా ఇళ్లలో ఉంది. అది ఒళ్లున్న పక్షి, దానికి కాళ్లూ పాదాలూ ముందు మొరాయిస్తాయి. ఇంకో మాట కూడా చెప్పాలి. పెట్ట జబ్బుపడగానే తాము పెట్టిన మేతలోనో కట్టిన గూటిలోనో తప్పుందని కుమిలిపోయేవాళ్లు చాలామంది. వాళ్లు తెలుసుకోవాల్సిందేమిటంటే ఈ జబ్బుల్లో ఎక్కువ భాగం ఆ పెట్ట పుట్టకముందే దాని జాతిలో రాసిపెట్టి ఉన్నవి.

ఇక దాచుకోవడం గురించి. కోడి వేటకు బలయ్యే జాతి. గుంపులో నీరసంగా కనపడినదాన్ని గద్ద ముందు తన్నుకుపోతుంది, పిల్లి ముందు పట్టుకుంటుంది. బయటి శత్రువే కాదు, లోపలి పోటీ కూడా ఉంది. కోళ్ల మందలో ఎవరు ఎవరిని పొడవవచ్చో చెప్పే గట్టి వరస ఒకటుంటుందని నార్వే శాస్త్రవేత్త థోర్లీఫ్ షెల్డరప్ ఎబ్బే 1921లోనే రాశాడు. బలహీనత బయటపెట్టిన పెట్ట ఆ వరసలో కిందికి జారిపోతుంది, మిగతావి దాన్ని మేత దగ్గరికి రానివ్వవు. అందువల్ల జబ్బు పెట్ట మిగతావాటితో పాటే మేత దగ్గరికి వస్తుంది, ముక్కుతో నేలను కొడుతుంది, గింజ మాత్రం మింగదు. దూరం నుంచి చూసేవాళ్లకు తింటున్నట్టే ఉంటుంది. ఈకలు ఉబ్బించుకుని కళ్లు మూసి పట్టపగలు కునుకుతూ కూర్చుందంటే దాచుకునే ఓపిక కూడా అయిపోయిందన్నమాట. ‘నిన్నటిదాకా బాగానే ఉంది, రాత్రికి రాత్రి పడిపోయింది’ అని అందరూ అనే మాటలో నిజం తక్కువ. పడిపోవడం వారాల కిందటే మొదలై ఉంటుంది.

కాబట్టి కన్ను మోసపోయేచోట చెయ్యి పని చేయాలి. దీపాలు పెట్టే వేళ పెట్ట గూటికి చేరాక దాన్ని ఒళ్లోకి తీసుకుని గొంతు కింద, రొమ్ముకు కుడివైపు ఉండే తిండి సంచిని తడమండి. పగలంతా తిన్న పెట్టకు అది నిండుగా, మెత్తగా, పిడికిట్లో పట్టేంత ఉంటుంది. తెల్లవారి మేత వేయకముందు మళ్లీ తడిమితే ఖాళీగా, చర్మం తప్ప ఏమీ తగలకుండా ఉండాలి. సాయంత్రం ఖాళీగా ఉంటే తినడం లేదు. పొద్దున కూడా గట్టిగా ముద్దలా ఉంటే తిన్నది కిందికి, కందనకాయలోకి దిగడం లేదు. నీళ్ల సంచిలా ఊగుతూ పుల్లటి వాసన వస్తుంటే లోపల పులిసిపోతోంది. ఆ తర్వాత రొమ్ము ఎముక మీద రెండు వేళ్లు పెట్టి పక్కల కండ ఎంతుందో చూడండి. బాగున్న పెట్టకు ఎముక అంచు తగిలినా రెండువైపులా కండ గుండ్రంగా ఉంటుంది. ఎముక కత్తి అంచులా పైకి తేలి పక్కలు గుంటలు పడ్డాయంటే ఈకల కింద పెట్ట కరిగిపోతోంది. ఈకలు అలాగే ఉంటాయి కాబట్టి చూపుకు ఈ మార్పు అందదు. పట్టుకునేటప్పుడు రొమ్మును గట్టిగా అదమవద్దు. మనకున్నట్టు పొట్టకూ ఛాతీకీ మధ్య అడ్డపొర పక్షికి ఉండదు, రొమ్ము ఎముక కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది.

వారానికోసారి ఒకే రోజున, మేత వేయకముందు, వంటింటి తూకం మీద చిన్న బుట్ట పెట్టి తూచండి. రెండు కిలోల పెట్ట కొద్ది వారాల్లో 200 గ్రాములు తగ్గిందంటే, అంటే పదో వంతు పోయిందంటే, పైకి ఎంత హుషారుగా కనపడినా పశువైద్యుడికి చూపించాలి. తూకం పెరగడం కూడా ఎప్పుడూ శుభం కాదు. రొమ్ము కండ తగ్గుతూ బరువు మాత్రం పెరుగుతుంటే పొట్టలో నీరు చేరుతోందని అనుమానించాలి. అలాంటి పెట్ట తోక వాల్చి, ఒళ్లు నిటారుగా ఎత్తి, కాళ్లు ఎడం చేసి నడుస్తుంది. తురాయి రంగు కూడా చెబుతుంది. పాలిపోతే రక్తం తక్కువైందని, నల్లబడి నీలం తిరిగితే గుండెకో ఊపిరికో కష్టం వచ్చిందని. రెట్టలో తెల్లని భాగం ఉండటం మామూలే, అది పక్షి మూత్రం. చిక్కటి పచ్చరంగు తిరిగితే కడుపు ఖాళీగా ఉందనడానికి గుర్తు. అయితే ఏటా ఒకసారి ఈకలు రాల్చే కాలంలో కూడా తురాయి ముడుచుకుంటుంది, గుడ్లు ఆగుతాయి, పెట్ట చిరాగ్గా ముట్టుకోనివ్వకుండా ఉంటుంది. అప్పుడు మేత మాత్రం తగ్గదు, కొత్త ఈకల మొలకలు కనపడతాయి. దాన్ని జబ్బనుకుని మందులు పోయకండి.

ఇవన్నీ ఒక చిన్న పుస్తకంలో రాయమంటే కొందరికి కష్టంగా ఉంటుంది. ఇంట్లో మనిషిలా చూసుకునేదాన్ని ఆస్పత్రి రికార్డులా అంకెల్లోకి దించడమేమిటని అడుగుతారు. ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో గమనించండి. పెట్ట ఇవాళ రెండు గింజలు తింటే నిన్న ఏమీ తినని సంగతి మనసు సంతోషంగా మరిచిపోతుంది. మొన్న మెట్టు ఎక్కలేకపోయిందని, ఇవాళ గూటి గడప కూడా దాటలేకపోతోందని పక్కపక్కన రాసి ఉంటేనే దిగుడు కనపడుతుంది. పశువైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు కూడా ‘కొన్నాళ్లుగా డల్‌గా ఉంది’ అన్న మాట ఆయనకు ఏమీ చెప్పదు. మూడు వారాల తూకాలు, రెట్ట రంగు, చివరి గుడ్డు ఎప్పుడు పెట్టిందో చెబితే ఆయన సగం దూరం వచ్చేసినట్టే. రోజూ రెండు వాక్యాలు చాలు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. ఎంతయినా అది కోడే కదా, దానికి ఇంత బాధ తెలుస్తుందా అని. ఇది ఊహలతో తేలే ప్రశ్న కాదు, దీని మీద మంచి ప్రయోగం ఉంది. 2000లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కుంటుతున్న బ్రాయిలర్ కోళ్ల ముందు రెండు రంగుల దాణా పెట్టారు. ఒకదాంట్లో కార్‌ప్రొఫెన్ అనే నొప్పి మందు కలిపారు, రెండోదాంట్లో లేదు. కుంటని కోళ్ల కన్నా కుంటుతున్న కోళ్లు మందు కలిసిన దాణాను ఎక్కువగా ఎంచుకున్నాయి. కుంటు ఎంత ఎక్కువైతే మందు అంత ఎక్కువ తిన్నాయి, నడకా మెరుగుపడింది. నొప్పి కేవలం కండరాల కదలిక అయితే కోడి మందును వెతుక్కోదు. అది బాధపడుతోంది కాబట్టే, ఏది తింటే బాధ తగ్గుతుందో నేర్చుకుని అటు వెళ్లింది. మన పెరటి పెట్టకు రెండు గిన్నెల్లో ఏదో ఒకటి ఎంచుకునే వీలు లేదు. దాని బదులు మనం ఎంచాలి, అందుకు ముందు అది ఎలా ఉందో మనకు తెలియాలి.

చూపు తర్వాత మేత. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు లేయర్ దాణా కొనసాగించడం. గుడ్లు పెట్టే పెట్ట కోసం అందులో మూడున్నర నుంచి నాలుగు శాతం కాల్షియం కలుపుతారు. గుడ్లు మానిన పెట్టకు అందులో పావు వంతు చాలు. మిగిలినదాన్ని బయటికి పంపే పని మూత్రపిండాల మీద పడుతుంది. గ్రోయర్ దాణా వాడండి, అప్పుడప్పుడూ గుడ్డు పెట్టే పెట్ట ఉంటే గుల్లపొడో కడిగి ఎండబెట్టి నలిపిన గుడ్డు పెంకులో వేరే చిప్పలో పెట్టండి. అవసరమున్నది వచ్చి తింటుంది, లేనిది ముట్టుకోదు. రెండో పొరపాటు నూకలూ తవుడూ మాత్రమే వేయడం. వయసు మీదపడి కండ కరుగుతున్న పెట్టకు మాంసకృత్తులు కావాలి. ఉడికించిన గుడ్డు, నానబెట్టిన శనగలు లాంటివి కొద్దికొద్దిగా పెట్టండి. దాణాను గోరువెచ్చని నీళ్లతో ముద్ద చేసి పెడితే ముక్కు వంగిన పెట్ట కూడా తింటుంది, నీళ్లూ లోపలికి పోతాయి. చూపు మందగించిన పెట్ట గింజను గురి తప్పి పొడుస్తుంది. దానికి గిన్నె రోజూ ఒకే చోట పెట్టాలి, ముదురు రంగు గింజలు తెల్లటి పళ్లెంలో వేయాలి.

నీళ్ల గిన్నె దగ్గరికి నడవాల్సి రావడమే చాలా ముసలి పెట్టలకు ప్రాణసంకటం. పెట్ట తిన్నదానికి రెట్టింపు బరువు నీళ్లు తాగుతుంది, మన ఎండల్లో అంతకన్నా ఎక్కువే. రోహిణి కార్తెలో బయట 44 డిగ్రీలు ఉంటే, 41 డిగ్రీల సహజ వేడి ఉన్న ఆ ఒళ్లు చల్లబడే దారి దాదాపు మూసుకుపోతుంది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడం, తురాయి, తమ్మెల గుండా వేడి వదలడం, అంతే దానికున్న ఉపాయాలు. కాబట్టి పడుకున్న చోటి నుంచి మెడ చాపితే అందేలా నీళ్లుండాలి. ఎండ మళ్లేదాకా నీడ మారకుండా ఉండే చోటు చూడాలి. తడి గోనెసంచి కట్టిన తడక, గాలి ఆడే వైపు తెరిచిన గూడు కావాలి. అల్లాడుతుంటే కాళ్లను మామూలు చల్లటి నీళ్లలో కాసేపు ఉంచండి, ఐసు నీళ్లలో ముంచేయకండి. చలికాలంలో పొడి గడ్డి మందంగా పరిస్తే చాలు. ఎత్తైన దండెం మీదికి ఎగిరి పడుకోవడం అలవాటైన పెట్టకు ఆ దండేన్ని జానెడు ఎత్తుకు దించండి, లేదా ఇటుకలతో మెట్లు పేర్చండి. బరువైన పక్షి రోజూ పైనుంచి దూకితే రొమ్ము ఎముక చిట్లుతుంది, పాదం కింద నల్లటి పక్కు కట్టి లోపల చీము పడుతుంది. ఆ పుండును మొదట్లోనే, ఇంకా పెసరగింజంత ఉన్నప్పుడే పట్టుకోవాలంటే వారానికోసారి పాదాలు తిరగేసి చూడాలి.

శుభ్రత గురించి కొంచెం. ఆరోగ్యంగా ఉన్న పెట్ట మట్టిలో పొర్లి తన పేలను తానే దులుపుకుంటుంది. కాళ్లు సహకరించని పెట్టకు ఆ పని ఆగిపోతుంది, పేలూ పురుగులూ మలద్వారం చుట్టూ గుంపు కడతాయి, ఉన్న కాస్త రక్తం అవే తాగుతాయి. పొడి మట్టి, జల్లించిన కట్టెల బూడిద కలిపి వెడల్పాటి తట్టలో పోసి, పెట్టను అందులో కూర్చోబెట్టండి. ఎంత నీరసంగా ఉన్నా రెక్కలు కదిలిస్తుంది. కాళ్ల పొలుసులు పైకి లేస్తే కింద పురుగుందని గుర్తు. కొబ్బరినూనె రోజూ పట్టించండి, కిరసనాయిలు వద్దు, చర్మం కాలుతుంది. వెనక ఈకలకు రెట్ట అంటుకుని గట్టిపడితే గోరువెచ్చని నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. అలా వదిలేస్తే ఈగలు వాలి పురుగులు పడతాయి, ఆ చావు చాలా ఘోరం.

జబ్బు పెట్టను మంద నుంచి విడదీయాలా అన్నది నిజంగా ఇబ్బందికరమైన ప్రశ్న, ఇందులో రెండు పక్షాల్లోనూ న్యాయముంది. ఉంచితే మిగతావి పొడుస్తాయి, మేతకు రానివ్వవు. తీసేస్తే గుంపు జీవి ఒంటరిదై బెంగపడుతుంది, పైగా కొన్ని రోజుల తర్వాత తిరిగి వదిలితే కొత్తదాన్ని చూసినట్టు మీద పడతాయి. నా అభిప్రాయంలో అంటుజబ్బు అనుమానం ఉంటే క్షణం ఆలోచించకుండా వేరు చేయాలి. ముక్కు, కళ్లు కారడం, గురక, మెడ తిరిగిపోవడం, ఒకటికి మించి పక్షులు పడకేయడం దానికి గుర్తులు. కొక్కెర తెగులు అలాగే వస్తుంది. ముసలితనపు నీరసమైతే మాత్రం తడక అడ్డం పెట్టి అదే ఆవరణలో ఉంచడం మంచిది. అది వాటిని చూస్తుంది, వాటి అరుపులు వింటుంది, దాని గిన్నె జోలికి ఎవరూ రారు. అన్నిటికన్నా సాధువైన పెట్ట ఒకటుంటే దాన్ని తోడుగా లోపల వదలండి.

మందుల విషయంలో నాకున్న భయం ఒకటి దాచకుండా చెబుతాను. మనింట్లో ఉన్న నొప్పి మాత్రనో, గేదెకు తెచ్చిన సూది మందులో మిగిలినదాన్నో కోడికి వేయడం మనవాళ్లకు అలవాటు. పక్షి శరీరం పశువు శరీరం కాదు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసి వాటిని చంపేసింది. దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాక 2006లో ఆ పశువైద్య మందును నిషేధించారు. పక్షికి ఏ నొప్పి మందు, ఎంత మోతాదు అన్నది పశువైద్యుడే చెప్పాలి. తెలుగు రాష్ట్రాల్లో 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి తెలుస్తుంది. తిరుపతిలో, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాలల ఆస్పత్రులున్నాయి. గుడ్డు అడ్డుపడి ముక్కుతున్న పెట్టను గోరువెచ్చని నీళ్లలో ఇరవై నిమిషాలు పొట్ట మునిగేలా కూర్చోబెట్టి, చీకటిగా ఉన్న వెచ్చటి చోట వదలడం వరకు ఇంట్లో చేయవచ్చు. గుడ్డును నొక్కి బయటికి తీయాలని చూడకండి, లోపల పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. తిండి సంచి ఖాళీ చేయాలని పెట్టను తలకిందులుగా పట్టుకోవడం కూడా వద్దు, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మందులు వాడిన పెట్ట గుడ్లనూ మాంసాన్నీ ఎన్నాళ్లు మానాలో అడిగి తెలుసుకోండి.

నాలుగు వందలకు దొరికే కోడికి వేలు ఖర్చు పెట్టడం తెలివైన పనేనా అని ఇంట్లోనే ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న అడిగినవాళ్లను కఠినులనుకోకూడదు, ఇల్లు గడవడం కూడా ధర్మమే. కానీ ఇంతవరకు చెప్పినవాటిలో డబ్బుతో కూడినది ఎంత? తడమడం, తూచడం, దండెం దించడం, నీళ్లు దగ్గర పెట్టడం, బూడిద పోయడం, వీటిలో దేనికీ ఖర్చు లేదు. ఖర్చయ్యేది పరీక్షలకూ ఆపరేషన్లకూ. ఐదేళ్ల పెట్టకు కణితి ఉంటే ఆపరేషన్ చేయించకపోవడం చాలాసార్లు సరైన నిర్ణయమే, డబ్బుండి కూడా. పొట్టలో నీరు తీయిస్తే కొన్ని వారాలు హాయిగా ఊపిరి పీలుస్తుందనుకుంటే అది చేయించవచ్చు, మళ్లీ నిండుతుందని తెలిసే చేయించాలి. వైద్యం మానుకోవడం వేరు, పట్టించుకోవడం మానుకోవడం వేరు. మొదటిదానికి కారణం చెప్పగలం, రెండోదానికి చెప్పలేం.

ఇక అన్నిటికన్నా బరువైన నిర్ణయం. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లాలోబోస్ 2004లో కుక్కలు, పిల్లుల కోసం ఒక కొలత ప్రతిపాదించారు. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది, ఈ ఏడింటికీ సున్నా నుంచి పది దాకా మార్కులు వేసి, మొత్తం 35 దాటితే జీవితం ఫరవాలేదని. కోడికి దీన్ని కాస్త మార్చుకోవచ్చు. సంతోషం అన్నచోట అది ఇంకా నేల గీరుతోందా, ఎండలో రెక్క చాపుకుని పడుకుంటోందా, ఈకలు దువ్వుకుంటోందా, ఇష్టమైన తిండి చూపిస్తే తల ఎత్తుతోందా అని చూడండి. మీ పుస్తకంలో ఒక వారమంతా ఈ నాలుగూ లేవంటే, ఊపిరి కోసం మెడ సాచి నోరు తెరుస్తుంటే, తనంత తాను నీళ్లు తాగలేకపోతే, బతుకులో ఇక దానికి మిగిలింది బాధే. మార్కులు వేసేది ఇంట్లో ఒక్కరే కాకుండా ఇద్దరు విడివిడిగా వేసి సరిచూసుకుంటే మరీ మంచిది, ఎక్కువ ప్రేమ ఉన్నవాళ్లు ఎక్కువ వేస్తారు.

ప్రాణం తీసే హక్కు మనకెక్కడిది, దాని ఆయువు తీరినప్పుడు అదే పోతుంది అనేవాళ్ల మాటలో భక్తి ఉంది, దాన్ని నేను గౌరవిస్తాను. అయినా ఒక్క విషయం ఆలోచించమంటాను. అడవిలో నడవలేని కోడి రెండు రోజులు కూడా ఉండదు, ఏ జంతువో ఎత్తుకుపోతుంది. వారాల తరబడి సాగే చావు ప్రకృతిలో దానికి లేదు. మనం కట్టిన తడక, మనం నోటికి అందించిన నీళ్లు వేటగాణ్ణి దూరం పెట్టి ఆ సాగుడుకు వీలు కల్పించాయి. అది మంచికే చేశాం, అయితే దాని పర్యవసానం మన బాధ్యత. మన దేశంలో జంతుహింస నివారణకు 1960లో వచ్చిన చట్టం కూడా, జీవిని బతికి ఉంచడమే క్రూరత్వమయ్యే సందర్భం ఉంటుందని ఒప్పుకుని, అలాంటప్పుడు న్యాయస్థానం దాని బాధకు ముగింపు చెప్పించవచ్చంది. విశ్వాసం అడ్డొచ్చి ఆ పని చేయలేనివాళ్లను తప్పుపట్టను. వాళ్లు పశువైద్యుడిని అడిగి నొప్పి తగ్గించే మందు చివరిదాకా ఇప్పించాలి, పూటపూటకూ పక్క మార్చాలి, పత్తితో నోరు తడపాలి. ఆ దారి ఎంచుకున్నవాళ్లకు శ్రమ తగ్గదు, రెట్టింపవుతుంది.

చేయించాలనుకుంటే పశువైద్యుడి చేత మత్తు ఇచ్చి సూది మందుతో చేయించడం అన్నిటికన్నా నెమ్మదైన దారి. ఆ మందు పడిన పక్షిని ఎవరూ తినకూడదు, కుక్కలకో గద్దలకో దొరకనివ్వకూడదు. వైద్యుడు అందని ఊళ్లో చేయి తిరిగిన మనిషి క్షణంలో ముగించడం, రోజుల తరబడి నీల్గడం కన్నా దయ. ఎప్పుడూ చేయనివాళ్లు జాలితో మొదటిసారి ప్రయత్నించవద్దు. తిండి మాన్పించడం, ఎండలో వదిలేయడం, దూరంగా తీసుకెళ్లి విడిచిపెట్టడం ఏ పరిస్థితిలోనూ వద్దు. పిల్లలున్న ఇంట్లో వాళ్లకు ముందే, అర్థమయ్యే మాటల్లో చెప్పండి. ఊరికి పంపామని అబద్ధం చెబితే ఇన్నాళ్లూ దాన్ని మీతోపాటు చూసుకున్న పిల్లలకు అన్యాయం చేసినవాళ్లవుతారు.

పెట్ట పోయాక, బావికీ బోరుకూ దూరంగా, కుక్కలు తవ్వలేనంత లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. కారణం తెలియకపోతే, ముఖ్యంగా ఇంట్లో ఇంకా కోళ్లుంటే, పశువైద్య కళాశాలలో పోస్ట్‌మార్టం చేయించడానికి వెనకాడకండి. లోపల కణితి కనపడితే అది మిగతావాటికి అంటే రకమో కాదో అక్కడే అడిగి తెలుసుకోండి. రెండు మూడు రోజుల్లో వరసగా పక్షులు పడిపోతే ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి తెలిసిందే. ఇలాంటిదేమీ లేకుండా ఒక్క పెట్ట వయసుతో పోయిందంటే, దానితోపాటు అదే ఏడు కొన్న పెట్టలకూ అదే వయసు వచ్చినట్టు. వాటిని ఆ వారమే తూచి, పుస్తకంలో ఒక్కోదానికి ఒక్కో పేజీ తెరవండి.